దసరా కుంకుమ కింద దొరికిన ముద్ర: ముత్తాతగారి రివాల్వర్ వయసు, విలువ తేల్చిన డైరీ

ఇంట్లో పాత ఆయుధం ఉండి దాని వయసు తెలుసుకోవాలనుకునేవాళ్ళు నేను చేసిన తప్పులు మళ్ళీ చేయకూడదని ఇది రాస్తున్నాను. వస్తువు: ఐదు తూటాల పొట్టి రివాల్వర్, నికెల్ పూత సగానికి పైగా ఊడిపోయింది, కూడా ఒక తోలు ఒర. ఊరు: కోనసీమలో అంబాజీపేట దగ్గర. మా ఇంట్లో నాలుగు తరాలుగా చెప్పుకునే మాట: ధవళేశ్వరం ఆనకట్ట కట్టేటప్పుడు కాటన్ దొర గారు స్వయంగా ఇచ్చిందని.

దశ 0: ముందు కాగితాలు

లైసెన్సు మా నాన్నగారి పేరు మీద ఉండేది. ఆయన పోయాక మూడు నెలలు అది బీరువాలోనే ఉండిపోయింది, కర్మలు, బ్యాంకు పనులు అయ్యాక చూద్దాం అనుకున్నాం. అది పెద్ద తప్పు. లైసెన్సుదారు పోయిన తర్వాత ఇంట్లో ఉన్నది లైసెన్సు లేని ఆయుధం కిందే లెక్క. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 21 ప్రకారం దగ్గర్లోని పోలీసు స్టేషన్లో గానీ లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి.

మా పెదనాన్న గారబ్బాయి "వందేళ్ళు దాటిన వస్తువుకి లైసెన్సు అక్కర్లేదురా, సెక్షన్ 45 ఉంది" అన్నాడు. ఈ మాట చాలామంది అంటారు, అందుకే ఆ సెక్షన్ కూర్చుని చదివాను. 45(సి)లో పాత నమూనా, పురాతన విలువ అనే మాటలు ఉన్న మాట నిజమే గానీ వాక్యం అక్కడ ఆగదు: రిపేరు చేసినా, చేయకపోయినా ఆయుధంగా పనికిరానిదై ఉండాలి. మాదాంట్లో సిలిండర్ (తూటాలు పెట్టే గుండ్రటి భాగం) తిరుగుతోంది, తూటాని కొట్టే సుత్తి పడుతోంది. కాబట్టి మినహాయింపు లేదు, ఎంత పాతదైనా సరే.

చేసినవి:
1. కాకినాడలో లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర డిపాజిట్. రసీదులో నంబరు, బోరు (గొట్టం లోపలి వ్యాసం), ఒర ఉందన్న సంగతి రాయించాను.
2. పాత లైసెన్సు పుస్తకం అన్ని పేజీలూ ఫొటోలు.
3. 2016 ఆయుధ నియమాల్లో 25వ నియమం కింద వారసుడిగా నా పేరున లైసెన్సుకి కలెక్టరేట్లో దరఖాస్తు.

ఇక్కడి నుంచి చూడటం, కొలవడం అంతా డీలర్ గారి బల్ల మీదే, ఆయన ఎదురుగానే. తూటా గదులన్నీ ఖాళీ అని ఆయన చూసి, నాకు చూపించాకే నేను చెయ్యి వేసేవాణ్ణి. ప్రతిసారీ, ఐదు నిమిషాల కిందే చూసినా సరే.

ఇప్పటిదాకా: రూ. 640 (బస్సులు, జిరాక్సులు, స్టాంపులు), 9 గంటలు.

దశ 1: కొలతలు, మూడుసార్లు తప్పు

నాది పంపుసెట్ల రిపేరు షాపు, డిజిటల్ వెర్నియర్ రోజూ వాడేదే, కొలతల దగ్గర ఇబ్బంది రాదనుకున్నాను. వచ్చింది.

గొట్టం పొడవు కోసం కొబ్బరి ఈనె ఒకటి చెక్కి మూతిలోంచి దింపాను, లోపల ఎక్కడ తగిలితే అక్కడికి గుర్తు పెట్టి కొలిస్తే 92 మి.మీ. వచ్చింది. దగ్గర దగ్గర మూడున్నర అంగుళాలు. ఆ లెక్కతో వెతికితే ఏ నమూనాకీ సరిపోలేదు, ఒక వారం పోయింది. డీలర్ గారు చూసి "ఆయ్, అలా కాదండి, మీ పుల్ల సిలిండర్ గదిలోకి కూడా దూరిపోయింది" అన్నారు. రివాల్వర్‌కి గొట్టం పొడవంటే మూతి నుంచి సిలిండర్ ఎదురుగా ఉండే గొట్టం అంచు వరకే, సిలిండర్ లెక్కలోకి రాదు. మళ్ళీ కొలిస్తే 64 మి.మీ., అంటే రెండున్నర అంగుళాలు.

బోరు ఇంకా ఇబ్బంది పెట్టింది. వెర్నియర్ లోపలి దవడలతో ఒకసారి 7.6, ఒకసారి 7.9, పక్కకి తిప్పితే ఇంకోటి. టార్చి వేసి లెక్కపెడితే గొట్టం లోపల పొడవునా చెక్కిన గాళ్ళు (వాటి మధ్య మిగిలినవి గట్లు) ఐదు. బేసి సంఖ్య. గాడికి సరిగ్గా ఎదురుగా గాడి రాదు, గట్టు వస్తుంది, అందుకని వెర్నియర్ చెప్పే అంకె గాడిదీ కాదు గట్టుదీ కాదు. పైగా చిన్న రంధ్రంలో బల్లపరుపు దవడలు నిజం కంటే తక్కువే చూపిస్తాయి. షాపులో లేతు మీద ఇత్తడి పిన్నులు 0.05 మి.మీ. తేడాతో ఆరు తిప్పించుకుని వెళ్ళాను. 7.75 పిన్ను తేలిగ్గా దిగింది, 7.80 దిగలేదు. గొట్టంలోకి ఇనుప పిన్ను పెట్టొద్దు, ఇత్తడే మేలు, అదీ బలవంతం చేయకుండా.

నమోదు చేసినవి:
1. గొట్టం 64 మి.మీ.
2. గట్ల మధ్య 7.75 మి.మీ., గాళ్ళు 5.
3. తూటా గది వెనక వ్యాసం 8.3 మి.మీ.
4. బరువు, ఖాళీగా, ఒర లేకుండా, ఇంటి నుంచి పట్టుకెళ్ళిన వంటగది తూకం మీద 418 గ్రా.

మూడో అంకె ముఖ్యం. లైసెన్సులో ".32" అని రాసి ఉంది. ఇప్పుడు దొరికే .32 లాంగ్ తూటా కేసు (లోహపు తొడుగు) అడుగున 8.5 మి.మీ. దాటి ఉంటుంది, 8.3 గదిలో పట్టదు. ఇది పాత .320 బోరు, పేరులో ఒక సున్నాయే తేడా, వస్తువు వేరు. ఎవరూ పట్టించి చూడాలని ప్రయత్నించొద్దు.

ఇప్పటిదాకా: రూ. 1,250 (పది రెట్లు చూపే భూతద్దం 350, బస్సు 260 కలిపి), 13 గంటలు.

దశ 2: "బ్రిటిష్ బుల్‌డాగ్" అన్న అక్షరాలని నమ్మి పోగొట్టుకున్న రెండు వారాలు

సిలిండర్ పైనుండే పట్టీ మీద ఇంగ్లీషులో "బ్రిటిష్ బుల్‌డాగ్" అని చెక్కి ఉంది. బర్మింగ్‌హామ్ వెబ్లీ వాళ్ళు 1872లో ఆ పేరుతో పొట్టి రివాల్వర్ తెచ్చారన్నది తెలుసు, కొలతలూ దగ్గరగా ఉన్నాయి, ఇంకేముంది వెబ్లీయే అని తేల్చేశాను. మా మేనకోడలి పెళ్ళిలో అందరికీ చెప్పేశాను కూడా. ధర లక్షల్లో ఉంటుందని అక్కడే ఒకరు లెక్క కట్టారు.

తప్పు ఎక్కడంటే పేరు చదివాను గానీ ముద్ర చూడలేదు. ఆ పేరుకి గిరాకీ ఉండబట్టి బెల్జియంలోని లీజ్ నగరంలో చిన్నా పెద్దా తయారీదారులు అదే ఆకారం, అదే పేరు చెక్కి దేశదేశాలకి పంపారు. పైన ఏ పేరైనా చెక్కొచ్చు. తుపాకుల పరీక్షశాల కొట్టే ముద్ర అలా కాదు, ఎక్కువ తుపాకీమందుతో కాల్చి చూసి, గొట్టం పగలకపోతేనే కొడతారు. బర్మింగ్‌హామ్ ముద్రలో కిరీటం కింద అడ్డంగా పెట్టిన రాజదండాలు ఉంటాయి. మాదాంట్లో ఎంత వెతికినా అవి లేవు.

మరి ఏముంది? సిలిండర్ మీద ఒకచోట గోధుమరంగు మరక, గోరంత. తుప్పు అనుకుని వదిలేశాను. భూతద్దంలో చూస్తే తుప్పు ఇంత ఎర్రగా ఉండదే అనిపించింది. అది కుంకుమ. ప్రతి దసరాకీ ఆయుధపూజలో పసుపు, గంధం, కుంకుమ పెట్టేవాళ్ళం, మా నాయనమ్మ వేలితో గట్టిగా అద్దేది. డెబ్బై ఎనభై దసరాల కుంకుమ ఆ గుంటల్లో గట్టిపడి నూనెతో కలిసి లక్కలా అయిపోయింది. ఆ నూనె కూడా మా పుణ్యమే: కొబ్బరినూనె. కోనసీమలో తాళాలకీ కత్తులకీ అన్నిటికీ అదే. కొన్నేళ్ళకి అది జిగురై దుమ్ము పట్టి, తేమని కిందే పట్టి ఉంచుతుంది. ఒర తోలు తగిలినచోట పచ్చగా చిలుము కూడా పట్టింది.

తీసిన పద్ధతి:
1. కిరోసిన్ తడిపిన దూది అద్ది పది నిమిషాలు ఆగాను. రుద్దలేదు.
2. వేప పుల్ల చివర చీల్చి మెత్తగా చేసి, ముద్ర గీతల వెంట కదిపాను. సూది, గుండుసూది, వైరు బ్రష్షు వద్దు.
3. మళ్ళీ దూది. ఎర్రటి ముద్ద కరిగి వచ్చింది.
4. ఆరాక కుట్టుమిషన్ నూనె ఒక చుక్క.

మూడోసారికి కోడిగుడ్డు ఆకారం గీత కనిపించింది, వేరుశనగ గింజలో సగం కూడా లేదు. లోపల పైన ఒక అక్షరం, కింద రెండు, వాటి కింద చిన్న నక్షత్రం. మొదటి అక్షరం ఎఫ్ అనుకున్నాను, అడుగు గీత చివర చిన్న ఎర్ర గింజ అడ్డం ఉంది, అది ఊడాక ఇ అయింది. ఇ, ఎల్, జి. లీజ్ పరీక్షశాల ముద్ర.

డీలర్ గారి బల్ల మీద ఆ గుడ్డు ఆకారం చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. వెబ్లీ కాదన్న బాధ లేకపోలేదు, కానీ మా ఇంట్లో ఇన్నేళ్ళుగా బొట్టు పెట్టిన చోటే దాని పుట్టుక రాసి ఉందన్నది ఇంకా నా మనసులోంచి పోలేదు.

ఇప్పటిదాకా: రూ. 1,570 (బస్సు, మెత్తటి బ్రష్షు), 18 గంటలు.

దశ 3: కిరీటం ఉందా లేదా

లీజ్ ముద్ర మీద కిరీటం 1893లో చేరింది. గుడ్డు ఆకారం ఒక్కటే ఉంటే 1893కి ముందుది, పైన కిరీటం ఉంటే తర్వాతది. నాకు కిరీటం కనిపించలేదు, "1893కి ముందు" అని డైరీలో రాసేసి తేదీ కూడా వేశాను. అది కొట్టేయాల్సి వచ్చింది.

గుడ్డు పైభాగంలో లోహం మిగతాచోట్ల కంటే నున్నగా ఉంది, నికెల్ పూర్తిగా పోయి ఉక్కు మెరుస్తోంది. అలా ఎందుకుందో నాకు తెలుసు. నేను ఇంటర్ చదివేటప్పుడు దసరా ముందు రోజు ఎమరీ పేపర్‌తో, తర్వాత చింతపండుతో, ఇత్తడి బిందెలు తోమినట్టు తోమాను. నాన్నగారు చూసి బాగా మెరుస్తోందని మెచ్చుకున్నారు. పిడి పక్కన తయారీదారు చిహ్నం ఉండాల్సిన చోట కూడా అప్పుడే అరిగింది, ఇప్పుడక్కడ ఒక వంపు గీత తప్ప ఏమీ లేదు. ఇందులో తిరిగి రానిది అదొక్కటే.

కిరీటం కోసం చేసినవి:
1. ఎదురు వెలుతురులో ఫొటోలు, పన్నెండు. ఏమీ కనిపించలేదు, మెరుపు అంతా కమ్మేసింది.
2. పలచటి ట్రేసింగ్ కాగితం వేసి పెన్సిల్ రుద్దాను. గుడ్డు వచ్చింది, పైన మసక.
3. లైట్లు ఆపించి టార్చిని బల్లకి ఆనించి, వెలుతురు లోహం మీద అడ్డంగా పాకేలా పెట్టి, సిలిండర్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ ఫొటోలు. తొమ్మిదో ఫొటోలో మూడు చిన్న మొనలు, కింద అడ్డపట్టీలో ఎడమ సగం.

కిరీటమే. నాతో పాటు డీలర్ గారు, ఆయన గుమాస్తా విడివిడిగా చూశారు, ముందు ఏమీ చెప్పకుండా "ఏం కనిపిస్తోంది" అని అడిగాను. ఇద్దరూ కిరీటమనే అన్నారు. అదే పద్ధతిలో గొట్టం అడుగున ఒక నక్షత్రం, దాని కింద ఒక అక్షరం దొరికింది, అది పరీక్ష చేసిన అధికారి గుర్తు. పొగలేని తుపాకీమందుకి పరీక్షిస్తే లీజ్‌లో సింహం బొమ్మ కింద పి.వి. అని కొడతారు. అది లేదు, అంటే దీన్ని పరీక్షించింది నల్ల తుపాకీమందుతోనే.

కాటన్ దొర మాట ఇక్కడితో తేలిపోయింది. ఆనకట్ట పని 1847 నుంచి 1852 దాకా. ఇది 1893 తర్వాతది. ముద్ర లేకపోయినా తెలిసేదే, ఆనకట్ట నాటి రివాల్వర్లకి ఇలాంటి లోహపు తూటాలు లేవు, మందు, గుండు గదుల్లో విడివిడిగా కూరి వెనక క్యాపు (దెబ్బకి నిప్పు పుట్టించే చిన్న మూత) పెట్టి కాల్చేవి. నాయనమ్మకి ఎలా చెప్పాలా అని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఆవిడ విని, "దొర ఇచ్చాడని మా మావగారు చెప్పారు నాన్నా, ఏ దొరో నేనడగలేదు" అంది.

ఇప్పటిదాకా: రూ. 1,850 (బస్సు, ట్రేసింగ్ కాగితం), 22 గంటలు.

దశ 4: ఒర లోపలి కాగితం

కింది హద్దు 1893 దొరికింది, పై హద్దు లేదు. లీజ్‌ని 1914 ఆగస్టులో జర్మన్ సైన్యం పట్టుకుంది, యుద్ధం అయ్యేదాకా అక్కడి సరుకు ఇక్కడికి రావడం జరిగే పని కాదు. కానీ యుద్ధం తర్వాత వచ్చి ఉండొచ్చు కదా. ఆగిపోయాను.

ఒరని ఆరబెట్టమని డీలర్ గారు ఇచ్చి పంపారు (ఖాళీ ఒర ఇంట్లో ఉంచుకోవచ్చు). నీడలో రెండు రోజులు ఉంచాక లోపలి గుడ్డ కుట్టు ఒకచోట విడిపోయి ఉండటం, దాని వెనక నాలుగు మడతల కాగితం కనిపించాయి. లాగితే ముక్కలయ్యేది. తడి గుడ్డ పక్కన, తగలకుండా, ఒక రాత్రంతా మూతపెట్టిన డబ్బాలో ఉంచితే మెత్తబడి మడత విప్పుకుంది. కుడి కింది మూల చెద తినేసింది, సంవత్సరంలో "19" మాత్రం మిగిలింది. ఒక రివాల్వర్, పాతిక తూటాలు అని చేతిరాత. గుండ్రటి ముద్రలో కోకనాడ (కాకినాడ పాత పేరు). పైన అచ్చు అక్షరాల్లో: గోదావరి డిస్ట్రిక్ట్.

తూర్పు అని లేదు! 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడి మనది తూర్పు గోదావరి అయింది. అంతకుముందు కోకనాడ కేంద్రంగా ఉన్నది ఉత్త గోదావరి జిల్లాయే. అయితే వెంటనే నమ్మలేదు, కిరీటం దగ్గర తగిలిన దెబ్బ గుర్తుంది. "ఈస్ట్" అన్న మాట చెద తిన్న భాగంలో పోయిందేమో? వెర్నియర్ తీసి కొలిచాను: అచ్చు వరుసకి ఎడమవైపు ఖాళీ 31 మి.మీ., కుడివైపు 32. వరుస కాగితానికి సరిగ్గా మధ్యలో ఉంది, ముందు ఇంకో మాట ఉండుంటే మధ్య అక్కడ రాదు. పై అంచు రెండు వైపులా కత్తిరించిన అసలు అంచే, చెద తిన్నది కాదు. పాత ఫారాలు కొత్త పేరు వచ్చాక కూడా కొన్నాళ్ళు వాడతారు, అందుకని ఒకట్రెండేళ్ళు అటూ ఇటూ వదిలాను.

లెక్క: తయారీ 1893 తర్వాత, ఇక్కడికి చేరింది 1925 నాటికి. యుద్ధం మాట కూడా కలిపితే 1893, 1914 మధ్య అన్నది నా అంచనా. అది అంచనా అని రిజిస్టర్లో కూడా అలాగే రాయించాను.

ఇప్పటిదాకా: రూ. 1,890 (ఆమ్లం లేని కవరు 40), 28 గంటలు.

దశ 5: విలువ

ముందు తెలుసుకోవాల్సింది, విదేశీ వేలాల్లో కనిపించే ధరలు మనకి పనికిరావు. నూరేళ్ళు నిండిన ఇలాంటి వస్తువు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది, సొంతంగా దేశం దాటించడానికి లేదు. దేశంలో అమ్మినా లైసెన్సు ఉన్నవాడికే అమ్మాలి. కొనేవాళ్ళు చాలామంది వాడుకోవడానికి కొంటారు, దీనికి తూటా దొరకదు, కాబట్టి వాళ్ళకి ఇది అక్కర్లేదు. మిగిలింది సేకరించేవాళ్ళు.

అడిగినవి, వచ్చినవి:
1. కాకినాడ డీలర్: రూ. 12,000.
2. రాజమండ్రిలో ఇంకొకరు, ఫొటోలు చూసి: రూ. 8,000. ఎమరీ గీతలు చూడగానే ధర తగ్గించారు.
3. లైసెన్సున్న ఒక సేకరణదారు, డీలర్ ద్వారా: రివాల్వర్ ఒక్కటే అయితే రూ. 15,000, ఒర, గోదావరి డిస్ట్రిక్ట్ కాగితం కలిపి రూ. 25,000.

ఆ పదివేల తేడా చూశాక ఒరని ఇంకా జాగ్రత్తగా చూస్తున్నాను. నికెల్ పూత, తయారీదారు చిహ్నం ఉండుంటే రెట్టింపు పలికేదని ఆ సేకరణదారే అన్నారట. మళ్ళీ నికెల్ పూత వేయిస్తే ఎలా ఉంటుందని డీలర్ గారిని అడిగాను. ఉన్న ముద్రలు కూడా పూడుకుపోతాయి, ధర ఇంకా పడిపోతుంది అన్నారు. వేయించడం లేదు. అమ్మడమూ లేదు.

ఇప్పటిదాకా: రూ. 2,570 (కాకినాడ, రాజమండ్రి ప్రయాణాలు), 36 గంటలు.

దశ 6: ఉంచే పద్ధతి, ఇంకా నడుస్తోంది

తోలు ఒరలో పెట్టడం మానేశాం. మన గాలిలో తోలు స్పాంజిలా తేమ పీలుస్తుంది. డీలర్ గారి లాకర్లో నూలుగుడ్డలో చుట్టి, మూత డబ్బాలో నీలం సిలికా జెల్ వంద గ్రాములు వేసి ఉంచాం. జులైలో పెడితే తొమ్మిదో రోజుకే గులాబీ రంగుకి తిరిగింది, తీసి పెనం మీద సన్నని సెగకి వేడి చేస్తే మళ్ళీ నీలం అయింది. డబ్బా మూత చుట్టూ రబ్బరు వాషర్ వేశాక ఇరవై ఆరు రోజులు ఆగింది. వట్టి చేతుల్తో ముట్టుకోవడం లేదు, చెమట వేలిముద్ర మూడు రోజుల్లో తుప్పుగా కనిపించింది ఒకసారి.

మొత్తం: రూ. 2,800 (సిలికా జెల్ 180, గుడ్డ, వాషర్ 50 కలిపి), 39 గంటలు. వారసత్వ దరఖాస్తు ఫైలు పోలీసు విచారణ దాటి కలెక్టరేట్‌కి తిరిగి వచ్చింది.

మొన్న దసరాకి తొమ్మిదో ఫొటో, కిరీటం కనిపించేది, పెద్దది చేయించి పూజలో పెట్టాం. నాయనమ్మ వేలితో గట్టిగా కుంకుమ అద్దింది, సరిగ్గా ఆ మూడు మొనల మీదే.